తుంటి మార్పిడి తర్వాత ఇంప్లాంట్ కదలకుండా ఉందో లేదో కొలిచి చూసుకోవడం ఎలా?

ఎక్స్‌రే తీయించుకుని బయట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "బాబూ, రాడ్డు గట్టిగానే ఉందా?" పక్కన కొడుకో అల్లుడో ఫిల్మును ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూస్తుంటాడు. లోహం తెల్లగా, నిటారుగా, అందంగానే కనిపిస్తుంది. అయినా నేను చెప్పగలిగింది ఇంతే: "ఎక్కడుందో తెలుస్తోందండీ. కదిలిందో లేదో తెలియాలంటే పాత ఫిల్ము కావాలి." ఆ పాత ఫిల్ము చాలాసార్లు ఉండదు. ఇల్లు మారినప్పుడు పోయిందంటారు, అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫొటో పంపాం కదా అంటారు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే ఉండిపోయిందంటారు.

దొడ్లో పాతిన గుంజ గట్టిగా ఉందో లేదో ఫొటో చూసి చెప్పలేం, పట్టుకుని ఊపి చూస్తాం. ఒంట్లో పాతిన గుంజను ఊపి చూసే వీలు లేదు. అందుకే నేల మట్టానికి ఒక గీత గీసుకుని, కొన్ని నెలల తర్వాత ఆ గీత ఎక్కడుందో చూడాలి. ఇంప్లాంట్ స్థిరత్వం కొలవడమంటే ఇదే పని. మొదటి గీత లేకపోతే రెండోదానికి అర్థం లేదు.

ఇంట్లో అమ్మకో నాన్నకో తుంటి మార్పిడి అయ్యి, ఫైలు చూసుకునే బాధ్యత మీ మీద పడితే ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. చివరి మాట మీ సర్జన్‌దే. కాని సర్జన్‌కి సరైన ఫిల్ములు, సరైన అంకెలు అందించాల్సింది మీరే.

ముందుగా: లోపల ఏం వేశారో తెలుసుకోండి

డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. రెండు విషయాలు తేలాలి.

మొదటిది, పూర్తి మార్పిడా, సగం మార్పిడా? తొడ ఎముక మెడ విరిగిన పెద్దవాళ్ళకు చాలాసార్లు బైపోలార్ వేస్తారు. అందులో బంతి, తొడ ఎముక లోపలికి దిగే రాడ్డు (దీన్నే స్టెమ్ అంటారు) మాత్రమే కొత్తవి. కటి ఎముకలోని గుంట సొంతదే. పూర్తి మార్పిడిలో ఆ గుంటలో కూడా లోహపు కప్పు, దాని లోపల ప్లాస్టిక్ లేదా సిరామిక్ లైనర్ పెడతారు. ఈ తేడా తెలియక ఒకసారి ఒకాయన నా దగ్గరికి గాభరాగా వచ్చారు. రెండు ఫిల్ముల్లో కప్పు కోణం వేరుగా ఉంది, ఊడిపోయిందేమోనని. అది బైపోలార్. దాని పైచిప్ప సొంత గుంటలో స్వేచ్ఛగా తిరగడానికే చేసింది, కాబట్టి ప్రతి ఫిల్ములో కోణం మారుతూనే ఉంటుంది. బైపోలార్ వేసినవాళ్ళు కప్పు కోణం కొలవనక్కర్లేదు. ఆ బంతి గుంటను అరగదీసుకుంటూ లోపలికి, పైకి జరుగుతోందా అన్నదే చూడాలి.

రెండోది, లోహాన్ని ఎముకకు పట్టించే సిమెంట్ పెట్టారా, లేదా? సిమెంట్ లేని స్టెమ్ పైన గరుకు పూత ఉంటుంది. ఎముక అందులోకి పెరిగి పట్టుకోవాలి. సిమెంట్ వేసిందైతే ఆపరేషన్ బల్ల మీదే పట్టు దొరుకుతుంది. ఈ రెండింటి అంకెలను ఒకే కొలబద్దతో చదవకూడదు. ఎందుకో స్టెమ్ దగ్గర చెప్తాను.

ఇంకో చిన్న పని ఉంది. ఇంప్లాంట్ డబ్బాల మీద ఉండే స్టిక్కర్లను ఆపరేషన్ థియేటర్‌లో కేస్‌షీట్‌కు అతికిస్తారు. కంపెనీ, మోడల్, లాట్ నంబరు, బంతి వ్యాసం, కప్పు వ్యాసం అన్నీ అందులోనే ఉంటాయి. దాని జెరాక్స్ అడిగి తీసుకోండి. 2010 ఆగస్టులో డీపూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలోనూ వేలమందికి వేసిన మోడల్ అది. అలాంటి వార్త వచ్చినప్పుడు మీ ఇంట్లో ఉన్నది ఏ మోడలో చెప్పేది ఆ స్టిక్కరే. మన పనికి కూడా అదే స్కేలు, ఎలాగో కింద చూస్తారు.

మొదటి ఫిల్ము, అది కూడా సీడీలో

ఆపరేషన్ తర్వాత డిశ్చార్జికి ముందు తీసే ఎక్స్‌రే మీ మొదటి గీత. దాన్ని ఫిల్ము రూపంలోనే కాకుండా సీడీలో గాని పెన్‌డ్రైవ్‌లో గాని డైకామ్ ఫైళ్ళుగా, అంటే మెషీన్ నుంచి వచ్చే అసలు డిజిటల్ బొమ్మలుగా ఇమ్మనండి. "డైకామ్ కాపీ కావాలి" అంటే ఎక్స్‌రే రూమువాళ్ళకు అర్థమవుతుంది. కొత్త ల్యాప్‌టాపులకు సీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి ఇంటికి వెళ్ళగానే కంప్యూటర్‌లోకి ఎక్కించి, తేదీ పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి.

వాట్సాప్ ఫొటో కొలతకు పనికిరాదు. ఫిల్మును కిటికీకి ఆనించి కాస్త కిందనుంచి తీస్తే పైభాగం చిన్నదిగా, కిందిభాగం పెద్దదిగా పడుతుంది. ఆ ఫొటో మీద స్కేలు పెట్టి 3 మి.మీ. దిగింది అని టెన్షన్ పడేవాళ్ళను చూశాను. లోహం దిగలేదు, ఫోను వంగింది, అంతే.

డైకామ్ ఫైళ్ళు తెరవడానికి సీడీలోనే ఒక వ్యూయర్ ఉంటుంది సాధారణంగా. లేకపోతే ఉచితంగా దొరికే వేసిస్, మ్యాక్ వాడేవాళ్ళకు హోరోస్ చాలు. గీత పొడవు, కోణం, వృత్తం కొలిచే పరికరాలు ఉంటే సరిపోతుంది.

ప్రతిసారీ ఒకేలా తీయించండి

ఎక్స్‌రే తీయడమే నా పని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను. రెండు ఫిల్ములను పోల్చాలంటే రెండూ ఒకే తీరులో తీసి ఉండాలి. లేకపోతే కొలతలన్నీ కాళ్ళు ఎలా పెట్టారన్నదాని కొలతలే అవుతాయి.

చీటీ మీద "తుంటి" అని మాత్రమే ఉంటే కొన్నిచోట్ల ఒక పక్కే తీసి పంపిస్తారు. రెండు తుంటులూ కలిపి కటి మొత్తం పడాలని అడగండి. స్టెమ్ కింది చివర, దాని కింద కొంచెం ఎముక కూడా ఫిల్ములో ఉండాలి. పొడవు స్టెమ్ అయితే ఇంకొక ఫిల్ము తీయాల్సి వస్తుంది, ఫర్వాలేదు. పక్కనుంచి తీసే లేటరల్ వ్యూ కూడా ఒకటి కావాలి.

పడుకోబెట్టి తీసేటప్పుడు రెండు పాదాలనూ 15 డిగ్రీల మేర లోపలికి తిప్పాలి. బొటనవేళ్ళు ఒకదానికొకటి తాకేలా పెట్టమంటే దాదాపు సరిపోతుంది. మనిషి నొప్పితో ఉంటే కాలు దానంతట అదే బయటికి పడిపోతుంది. అలా పడిపోయిన కాలికి తీసిన ఫిల్ములో తొడ ఎముక తిరిగి కనిపిస్తుంది, గుర్తుల మధ్య దూరాలు మారిపోతాయి. ఒకావిడకు ఆరు వారాల ఫిల్ములో స్టెమ్ దిగినట్టు అనిపించి, డాక్టరుగారు మళ్ళీ తీయమని పంపారు. మొదటిసారి ఆవిడ పాదం గడియారంలో రెండు గంటల ముల్లులా బయటికి పడి ఉంది. చిన్న ఇసుక సంచి ఆనించి, బొటనవేళ్ళు కలిపి తీస్తే పాత కొలతే వచ్చింది.

పాదం సరిగ్గా ఉందో లేదో ఫిల్ము చూసే కనిపెట్టవచ్చు. తొడ ఎముక లోపలి వైపు, కాస్త కిందగా, చిన్న మొటిమలాంటి ఎత్తు ఉంటుంది. దాన్ని లెస్సర్ ట్రొకాంటర్ అంటారు. కాలు బయటికి తిరిగేకొద్దీ అది పెద్దగా కనిపిస్తుంది. రెండు ఫిల్ముల్లో అది ఒకే సైజులో ఉంటే కాలు ఒకే తీరులో ఉందన్నమాట. తేడా బాగా ఉంటే ఆ జతను కొలవకండి, దండగ. అలాగే కటి ఎముకలో కింద రెండు పక్కలా గుడ్డు ఆకారంలో కన్నాలు కనిపిస్తాయి. రెండూ ఒకే వెడల్పులో ఉంటే నడుము పక్కకు తిరగలేదని గుర్తు.

వీలైతే ప్రతిసారీ అదే ఆసుపత్రిలో, అదే మెషీన్ మీద తీయించండి. వీలు కాకపోతే పాత ఫిల్ము వెంట తీసుకెళ్ళి ఎక్స్‌రే తీసే అతనికి చూపించి "ఇలాగే కావాలి" అనండి. మాకు కోపం రాదు. నిజం చెప్పాలంటే అలా అడిగేవాళ్ళు అరుదు.

స్కేలు సరిచేసుకోవడం

ఎక్స్‌రేలో వస్తువు అసలుకంటే పెద్దగా పడుతుంది, నీడలాగే. తుంటి దగ్గర సాధారణంగా 15 నుంచి 20 శాతం పెద్దదవుతుంది. లావుగా ఉన్నవాళ్ళలో తుంటి డిటెక్టరుకు దూరంగా ఉంటుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. మనిషి నాలుగు కేజీలు తగ్గినా, టేబుల్ ఎత్తు మారినా ఈ అంకె మారుతుంది. అందుకే తెర మీద కనిపించిన మి.మీ.ని నేరుగా నమ్మకూడదు.

స్టిక్కర్‌తో ఇక్కడ పని. బంతి అసలు వ్యాసం 28, 32, 36 మి.మీ.లలో ఒకటి ఉంటుంది చాలామందికి. తెర మీద బంతికి సరిగ్గా వృత్తం గీసి వ్యాసం చూడండి. లోహపు కప్పు లోపల బంతి అంచు మసకగా ఉంటే కింది సగం అంచు మీద మూడు చుక్కలు పెట్టి వృత్తం గీయవచ్చు. అదీ కుదరకపోతే కప్పు బయటి వ్యాసమే వాడండి, అది స్పష్టంగా కనిపిస్తుంది, స్టిక్కర్ మీదా ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం. బంతి 32 మి.మీ. మొదటి ఫిల్ములో అది 37.4గా కనిపించింది. 32ను 37.4తో భాగిస్తే 0.856. ఆ ఫిల్ములో ఏ దూరాన్నైనా దీనితో గుణిస్తే అసలు దూరం వస్తుంది. ఆరు నెలల ఫిల్ములో అదే బంతి 38.1గా కనిపించింది. అంటే 0.840. ఈ రెండు గుణకాలూ పక్కన రాసుకోండి.

స్టెమ్ దిగిందా?

తొడ ఎముక పైన బయటివైపు చేత్తో తడిమినా తగిలే గుబ్బ ఉంటుంది, గ్రేటర్ ట్రొకాంటర్. దాని కొన ఒక గుర్తు. స్టెమ్ పైభాగంలో బయటివైపున్న భుజం రెండో గుర్తు. ముందు స్టెమ్ మధ్యగుండా పొడుగ్గా ఒక గీత గీయండి. గుబ్బ కొన నుంచి ఆ గీతకు అడ్డంగా ఒక గీత, స్టెమ్ భుజం నుంచి ఇంకొకటి. ఆ రెండు అడ్డగీతల మధ్య దూరమే మీకు కావలసింది.

మొదటి ఫిల్ములో అది తెర మీద 14.6 వచ్చిందనుకోండి. 0.856తో గుణిస్తే 12.5. ఆరు నెలల ఫిల్ములో 19.2 వచ్చింది. 0.840తో గుణిస్తే 16.1. తేడా 3.6 మి.మీ. స్కేలు సరిచేయకుండా తీసివేసి ఉంటే 4.6 అనుకుని ఉండేవాళ్ళం. ఒక మి.మీ. భయం ఊరికే వచ్చి పడేది.

ఆపరేషన్‌లో ఆ గుబ్బే విరిగి తీగతో కట్టి ఉంటే దాన్ని గుర్తుగా పెట్టుకోకండి. లెస్సర్ ట్రొకాంటర్ నుంచి కొలవండి.

ఇక అంకె అర్థం. సిమెంట్ లేని స్టెమ్ మొదటి వారాల్లో కొద్దిగా సర్దుకోవచ్చు. కొత్త గుంజ మొదటి వానకు కాస్త దిగి బిగిసినట్టు. ఒకటి రెండు మి.మీ. దిగి, మూడు నెలల తర్వాత అక్కడే ఆగిపోతే ఎవరూ కంగారు పడరు. మూడు నెలలకు 2, ఆరు నెలలకు 4, ఏడాదికి 6 అంటూ పోతుంటే అది వేరే కథ. ఎంత దిగిందన్నదానికంటే ఆగిందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న.

సిమెంట్ స్టెమ్‌లలో రెండు జాతులున్నాయి. అద్దంలా నునుపుగా, మేకులా కిందికి సన్నబడే స్టెమ్ ఒకటి. 1970లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన ఎక్సెటర్ స్టెమ్ దీనికి పేరు మోసినది. ఇది సిమెంట్ లోపలే ఒకటి రెండు మి.మీ. దిగి చీలలా బిగుసుకునేలా రూపొందించిందే. ఫిల్ములో స్టెమ్ భుజం పైన సన్నటి నల్లటి సందు కనిపిస్తే అది లూజు అనుకోకూడదు. రెండో జాతి స్టెమ్ సిమెంట్‌కు అతుక్కుని ఉండాలి, సిమెంట్ లోపల అస్సలు జారకూడదు. ఒకే 1.5 మి.మీ. ఒకరికి మామూలు, ఇంకొకరికి హెచ్చరిక. మోడల్ పేరు తెలుసుకోమని మొదట్లో అంతగా చెప్పింది అందుకే.

కప్పు సంగతి

కటి ఎముకలో రెండు వైపులా, కప్పు లోపలి అంచుకు దగ్గర్లో కన్నీటి చుక్క ఆకారంలో నీడ ఒకటి కనిపిస్తుంది. పేరు కూడా టియర్‌డ్రాపే. రెండు చుక్కల కింది కొనలనూ కలుపుతూ అడ్డంగా గీత గీయండి. ఇదే మీ నేల మట్టం. ఈ గీత నుంచి కప్పు మధ్య బిందువుకు ఎత్తు ఎంత, చుక్క నుంచి పక్కకు దూరం ఎంత, ఈ రెండూ కొలిచి స్కేలు సరిచేసి రాసుకోండి. ఎత్తు పెరుగుతుంటే కప్పు పైకి జరుగుతోందని, పక్క దూరం తగ్గుతుంటే లోపలికి పోతోందని అర్థం.

తర్వాత కోణం. కప్పు మూతి రెండు అంచులనూ కలిపే గీతకూ, ఆ నేల మట్టానికీ మధ్య కోణం కొలవండి. 1978లో లెవినెక్, ఆయన తోటివాళ్ళు సూచించిన 40 డిగ్రీలకు అటూ ఇటూ 10 అన్న హద్దును నేటికీ చాలామంది గుర్తుంచుకుంటారు. అయితే ఆ హద్దు బంతి జారిపోకుండా ఉండటం గురించి చెప్పింది. స్థిరత్వానికి 38 మంచిదా 46 మంచిదా అన్నది కాదు ప్రశ్న. మొదటి ఫిల్ములో 46 ఉంటే రెండేళ్ళకూ 46 చుట్టూనే ఉండాలి. 46 నుంచి 53కు వెళ్ళిందంటే, ఫిల్ము సరిగ్గా తీసిందేనని తేల్చుకున్నాక, అది కప్పు తిరగడమే.

ఒక తికమక గురించి చెప్పాలి. బంతి మధ్య బిందువు కప్పు మధ్య నుంచి పైకి జరిగితే కప్పు కదిలినట్టు కాదు, లోపలి ప్లాస్టిక్ అరిగినట్టు. పాతకాలపు ప్లాస్టిక్‌లో ఏడాదికి 0.1 మి.మీ.కు మించి అరుగుతుంటే ఆ పొడి వల్ల చుట్టూ ఎముక కరగడం మొదలవుతుందని డాక్టర్లు చూసుకునేవారు. ఇప్పటి గట్టి రకం ప్లాస్టిక్ అంతకంటే చాలా తక్కువ అరుగుతుంది. అరుగుదల చివరికి లూజుకు దారి తీయవచ్చు గాని రెండూ ఒకటి కాదు.

నల్ల గీతలు చదవడం

అంకెలతో పాటు చూడాల్సింది లోహానికీ ఎముకకూ మధ్య, లేదా సిమెంట్‌కూ ఎముకకూ మధ్య కనిపించే నల్ల గీత. స్టెమ్ చుట్టూ ఏడు భాగాలుగా విడగొట్టి చూస్తారు. 1979లో గ్రూయెన్ బృందం చేసిన విభజన ఇది. బయటివైపు పైనుంచి 1, 2, 3 అంటూ దిగి, కింది కొన 4, లోపలివైపు ఎక్కుతూ 5, 6, 7. కప్పు చుట్టూ మూడు భాగాలు, 1976లో డీలీ, చార్న్‌లీ చెప్పినవి. ఈ చార్న్‌లీయే 1962 నుంచి ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో గట్టి ప్లాస్టిక్ కప్పుతో నేటి తుంటి మార్పిడికి దారి వేసిన సర్జన్.

ఒక చోట సన్నటి గీత ఏళ్ళ తరబడి అలాగే ఉంటే పెద్ద విషయం కాదు. గీత వెడల్పు పెరగడం, ఒక భాగం నుంచి పక్క భాగానికి పాకడం, 2 మి.మీ. దాటడం, ఇవి చూడాలి. సిమెంట్ స్టెమ్‌కు 1982లో హారిస్ బృందం పెట్టిన కొలమానం సూటిగా ఉంటుంది. గీత సగానికి పైగా చుట్టుకుంటే లూజై ఉండవచ్చు, పూర్తిగా చుట్టేస్తే బహుశా లూజే, స్టెమ్ జరిగినా (పైన చెప్పిన నునుపు స్టెమ్ మామూలుగా దిగడం కాకుండా) సిమెంట్ పగిలినా లూజనే లెక్క.

సిమెంట్ లేని స్టెమ్‌లో ఒక వింత ఉంది. ఏడాది రెండేళ్ళకు పైభాగంలో తొడ ఎముక పలచబడినట్టు కనిపించి ఇంట్లోవాళ్ళు బెంగ పెట్టుకుంటారు. చాలాసార్లు అది స్టెమ్ కింద గట్టిగా పట్టుకుందనడానికి గుర్తు. బరువంతా లోహం గుండా దిగిపోతుంటే పైన ఎముకకు పని తగ్గి పలచబడుతుంది. పూత అంచు దగ్గర ఎముక నుంచి లోహానికి తెల్లటి వంతెనలా కట్టుకుని ఉంటే ఇంకా మంచిది.

మీ కొలతలో తప్పు ఎంత?

ఈ మెట్టు ఎవరూ చెయ్యరు, మీరు చెయ్యండి. అదే ఫిల్మును ఈ రోజు ఒకసారి, వారం తర్వాత పాత అంకె చూడకుండా ఇంకోసారి కొలవండి. రెండింటికీ 2 మి.మీ. తేడా వచ్చిందంటే, మీ చేతిలో 2 మి.మీ. లోపు మార్పుకు విలువ లేదు. ఇంట్లో ఇంకొకరితో కూడా కొలిపించండి. మామూలు ఎక్స్‌రేలో సర్జన్లు కూడా స్టెమ్ 5 మి.మీ. దాటి దిగితే గాని గట్టిగా మాట్లాడరు. పైన లెక్కలో వచ్చిన 3.6ను "దిగింది" అని రాసుకోకండి. "దిగి ఉండవచ్చు, తర్వాతి ఫిల్ము చూడాలి" అని రాసుకోండి.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఈబ్రా అనే పద్ధతి తయారుచేశారు. ఒకే తీరులో ఉన్న ఫిల్ములను మాత్రమే ఏరి, తిరిగిపోయినవాటిని పక్కన పడేసి, మామూలు ఎక్స్‌రేల మీదే కప్పు కదలికను 1 మి.మీ. దాకా చెప్పగలదు. మనం చేత్తో చేస్తున్నది దాని చిన్న తమ్ముడి పని.

వెంట్రుక మందం లెక్క

అసలు ఎముకకు తెలిసే కదలిక మన స్కేలుకు అందేది కాదు. అడుగు వేసినప్పుడల్లా లోహానికీ ఎముకకూ మధ్య కదలిక 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) లోపు ఉంటే ఎముక పూతలోకి పెరుగుతుంది. 150 దాటితే ఎముకకు బదులు మెత్తటి పీచు పొర పేరుకుంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే సగం వెంట్రుక కదిలితే పట్టు, రెండు వెంట్రుకలు కదిలితే లూజు. మొదటి ఆరు వారాలు వాకర్ పట్టుకుని బరువు తగ్గించి నడవమని మీ డాక్టరు చెప్పి ఉంటే, ఆ వెంట్రుకల లెక్క కోసమే.

అడుగడుగునా జరిగే ఆ కదలికను కాకపోయినా, నెలల్లో ఇంప్లాంట్ ఎంత జరిగిందో అతి సన్నగా కొలిచే పద్ధతి ఆర్ఎస్ఏ (రేడియోస్టీరియోమెట్రిక్ అనాలిసిస్). స్వీడన్‌లోని లుండ్‌లో యోరాన్ సెల్విక్ 1974లో తన సిద్ధాంత గ్రంథంగా ఇచ్చాడు. ఆపరేషన్ చేసేటప్పుడే ఎముకలో 0.8 లేదా 1 మి.మీ. టాంటలమ్ అనే లోహపు పూసలు కొన్ని గుచ్చి ఉంచుతారు. తర్వాత రెండు ఎక్స్‌రే ట్యూబులతో రెండు కోణాల నుంచి ఒకేసారి తీస్తారు. మనిషి కింద, స్థానాలు ముందే తెలిసిన గుర్తులున్న ఒక పెట్టె ఉంటుంది. రెండు నీడల నుంచి పూసలు ఎక్కడున్నాయో మూడు దిశల్లోనూ లెక్కగట్టి, వాటితో పోల్చి ఇంప్లాంట్ ఎంత జరిగిందో చెప్తారు. ఒక మి.మీ.లో పదో వంతు, రెండు పదో వంతుల దాకా పట్టుకుంటుంది. మొదటి ఫోటో నడక మొదలుపెట్టక ముందే తీయాలని పట్టుబడతారు. ఒకే రోజు రెండుసార్లు తీసి తమ తప్పు ఎంతో ముందు తేల్చుకుంటారు. మీరు వారం గ్యాప్‌లో రెండుసార్లు కొలిచారే, అదే పని.

మామూలు ఆసుపత్రిలో రోగికి ఇది చెయ్యరు. కొత్త ఇంప్లాంట్‌నో కొత్త సిమెంట్‌నో కొద్దిమందిలో పరీక్షించడానికి వాడతారు. 1990ల మొదట్లో బోన్‌లాక్ అనే సిమెంట్ వచ్చింది. దాన్ని వాడిన తుంటుల్లో కదలిక ఎక్కువగా ఉందని ఆర్ఎస్ఏలో తొందరగానే బయటపడింది, 1995లో అది మార్కెట్ నుంచి పోయింది. 2012లో పైల్స్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, రెండేళ్ళలో కప్పు పైకి సగటున 0.2 మి.మీ. లోపు జరిగే ఇంప్లాంట్లు ఫర్వాలేదని, 1 మి.మీ. దాటేవి ఒప్పుకోదగినవి కావని గీత గీసింది. ఈ 0.2ను మీ సీడీ మీద వెతకకండి. అది ఒక ఇంప్లాంట్ మోడల్‌కు పెట్టిన పరీక్ష, మీ నాన్నగారి ఒక్క తుంటికి కాదు.

అనుమానం గట్టిగా ఉన్నప్పుడు మన దగ్గర అందుబాటులో ఉండేది సీటీ స్కాన్. కొన్నిచోట్ల కాలిని ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తిప్పి పెట్టి రెండుసార్లు తీసి, ఎముకతో పాటు లోహం తిరుగుతోందా లేదా చూస్తారు. గుంజను ఊపి చూడటానికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. బోన్ స్కాన్ (ఎముక ఎక్కడ ఎక్కువ చురుగ్గా ఉందో వెలుగుగా చూపే పరీక్ష) అడిగితే మాత్రం ఆపరేషన్ అయి ఎంతకాలమైందో చెప్పండి. సిమెంట్ లేని ఇంప్లాంట్ చుట్టూ ఏడాది రెండేళ్ళు ఊరికే వెలుగు కనిపించవచ్చు.

కాలు చెప్పే మాట

ఫిల్ము చెప్పకముందే కొన్నిసార్లు కాలు చెప్తుంది. కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగైదు అడుగుల్లో చురుక్కుమని, తర్వాత సర్దుకుంటే, అది లూజుకు బాగా తెలిసిన లక్షణం. నొప్పి తొడ మధ్యలో ఉంటే స్టెమ్ వైపు, గజ్జల్లో ఉంటే కప్పు వైపు వేలు చూపిస్తుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే మనవాళ్ళు "తుంటి" అనేస్తారు. "చేత్తో చూపించండి" అని అడగండి.

వారానికి ఒకరోజు, అదే కుర్చీలోంచి లేవమని, ఎన్నో అడుగుకు నొప్పి తగ్గిందో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి. గతంలో 2 ఉండి ఇప్పుడు 10 అయితే ఎక్స్‌రే తేదీ కోసం ఆగకండి.

జ్వరం, గాయం నుంచి స్రావం, పడుకున్నా తగ్గని నొప్పి, కాలు ఒక్కసారిగా పొట్టిదైపోవడం, వీటికి కొలతలు అక్కర్లేదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ఇంప్లాంట్ లూజవుతుంది. అందుకే లూజు అనుమానం వస్తే డాక్టర్లు ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు ముందే రాస్తారు, అవసరమైతే కీలులోంచి సూదితో ద్రవం తీసి పంపుతారు.

డాక్టరు ముందు పెట్టాల్సిన పేజీ

చాలామంది సర్జన్లు ఆరు వారాలు, మూడు నెలలు, ఏడాది అలా పిలిచి, తర్వాత కొన్నేళ్ళకోసారి రమ్మంటారు. మీవాళ్ళు చెప్పిన తేదీలే పాటించండి, నొప్పి లేదని మానేయకండి. ప్లాస్టిక్ అరిగి ఎముక కరగడం చాలా దూరం నొప్పి లేకుండానే వెళ్తుంది.

నోట్‌బుక్‌లో ఒక్క పేజీ చాలు. పైన ఇంప్లాంట్ మోడల్, బంతి, కప్పు వ్యాసాలు, సిమెంట్ ఉందా లేదా. కింద ఒక్కో ఫిల్ముకు ఒక్కో వరస: తేదీ, గుణకం, స్టెమ్ దూరం, కప్పు ఎత్తు, కప్పు పక్క దూరం, కోణం, ఎన్నో అడుగుకు నొప్పి తగ్గింది. "లూజైంది సార్" అని మొదలుపెట్టకండి. "మొదటి ఫిల్ములో ఇంత, ఇప్పుడు ఇంత వస్తోంది, మీరొకసారి కొలిచి చూస్తారా" అంటే ఏ డాక్టరైనా తెర తనవైపు తిప్పుకుంటారు.

ఫిల్ములను పాలిథిన్ కవర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి బీరువా పైన పడేయకండి. ఎండాకాలానికి అతుక్కుపోయి, విడదీస్తే బొమ్మ పొరలా లేచి వస్తుంది. మధ్యలో న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, కవరు మీద తేదీ రాసి, నిలువుగా నిలబెట్టండి. మొదటి ఫిల్ము మీద మాత్రం ఎర్ర పెన్నుతో "ఇది పారేయొద్దు" అని రాసి పెట్టండి.